ఫ్రేజా, క్లాజా? ముందు క్రియను పట్టుకోండి

ప్రశ్న: సార్, మాది కల్వకుర్తి దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలోనే చదివాను, తర్వాత డీఎడ్ చేశాను. పెళ్లయింది, బాబుకు మూడేళ్లు. ఇంట్లోనే ఉండి టెట్‌కు (టీచర్ అర్హత పరీక్షకు) చదువుతున్నాను. మిగతా సబ్జెక్టులు ఒక మాదిరిగా వస్తున్నాయి గానీ, ఇంగ్లిష్‌లో ఫ్రేజ్, క్లాజ్ దగ్గరికొచ్చేసరికి టెన్షన్ మొదలవుతోంది. డెఫినిషన్లన్నీ కంఠతా వచ్చు. ప్రశ్న చూస్తే మాత్రం ఏది ఫ్రేజో, ఏది క్లాజో తేల్చుకోలేను. 'హ్యావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్'లో వెర్బ్ ఉంది కదా, మరి దాన్ని ఫ్రేజ్ అని ఎందుకు ఇచ్చారు? 'వెన్ హి కేమ్' అన్నది ఒకచోట నౌన్ క్లాజ్ అట, ఇంకోచోట అడ్వెర్బ్ క్లాజ్ అట. అదెట్లా? సొంతంగా రాయబోతే వాక్యం కుదరదు. నా ఇంగ్లిష్ ఎట్లుందో మీకు తెలియాలని ఒక వాక్యం రాస్తున్నాను: 'బికాజ్ మై సన్ స్మాల్, ఐ యామ్ నాట్ గోయింగ్ టు కోచింగ్.'
– ఒక సోదరి, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: అమ్మా, 'వెర్బ్ ఉంది కదా, మరి ఫ్రేజ్ అని ఎందుకు ఇచ్చారు' అన్న మీ ప్రశ్న నాకు చాలా నచ్చింది. డెఫినిషన్‌ను బట్టీ పట్టి ఊరుకునేవాళ్లకు ఆ అనుమానం రాదు. కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

నకిరేకల్ దగ్గర మా ఊరి బడిలో మా సార్ క్లాజ్ డెఫినిషన్‌ను ఎక్కాల్లాగా మా అందరితో గొంతెత్తి చదివించేవారు. సబ్జెక్టు, వెర్బ్ ఉంటే క్లాజ్, లేకపోతే ఫ్రేజ్. నేనూ అదే పట్టుకుని డిగ్రీ దాకా లాక్కొచ్చాను. నల్లగొండ వైపు బడుల్లో ముప్పై ఏళ్లు పాఠం చెప్పాక కూడా ఆ మాట తప్పని అనను. కాకపోతే అందులో సగమే ఉంది. ఎలాంటి వెర్బ్ కావాలో అది చెప్పదు. మీరు చిక్కుకున్నది ఆ చెప్పని సగంలోనే.

ఆ సగం మీకు తెలుగు వ్యాకరణంలో ఎప్పుడో చెప్పారు. హైస్కూల్లో సమాపక క్రియ, అసమాపక క్రియ అని చదివారు గుర్తుందా? 'వచ్చాడు' సమాపక క్రియ, దానితో వాక్యం ముగుస్తుంది. 'వచ్చి', 'వస్తూ', 'వస్తే', 'వచ్చినా' అసమాపకాలు. వాటి దగ్గర ఆపేస్తే వినేవాళ్లు 'ఊఁ, తర్వాత?' అంటారు. ఇంగ్లిష్‌లో ఫైనైట్ వెర్బ్ అంటే మన సమాపక క్రియ లాంటిదే. కాలం చూపించే క్రియ అది. క్లాజ్‌కు కావాల్సింది అలాంటి క్రియ, దానికో సబ్జెక్టు. ఏదో ఒక వెర్బ్ ఉంటే సరిపోదు.

ఇప్పుడు ఈ వాక్యం చూడండి: 'మా నాయన పొద్దున్నే లేచి, ఎడ్లకు నీళ్లు పెట్టి, చేనుకు పోయి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చాడు.' నాలుగు పనులున్నాయి. కాలం ఎక్కడుంది? చివరి 'వచ్చాడు'లో ఒక్కచోటే. ఇదే రోజూ జరిగే పనిగా చెప్పాలంటే ఏం మారుస్తారు? 'ఇంటికొస్తాడు' అంటారు, అంతే. లేచి, పెట్టి, పోయి అట్లాగే ఉంటాయి.

దీన్నే ఇంగ్లిష్‌లో చెబితే 'మై ఫాదర్ గాట్ అప్ అర్లీ, గేవ్ ద బుల్లక్స్ వాటర్, వెంట్ టు ద ఫీల్డ్ అండ్ కేమ్ హోమ్ ఎట్ నూన్' అవుతుంది. గాట్, గేవ్, వెంట్, కేమ్. నాలుగూ కాలాన్ని మోస్తున్నాయి. రోజూ జరిగే పనిగా మారిస్తే నాలుగూ మారాలి: గెట్స్, గివ్స్, గోస్, కమ్స్. మన పిల్లలు 'మై ఫాదర్ గెటింగ్ అప్, గివింగ్ వాటర్, గోయింగ్ ఫీల్డ్, కేమ్ హోమ్' అని రాస్తే పేపర్ దిద్దే సార్లకు నవ్వొస్తుంది. నాకు రాదు. ఆ పిల్లవాడు లేచి, పెట్టి, పోయి, వచ్చాడు అని తెలుగులో తప్పులేకుండా ఆలోచించాడు. తెలుగు ఒక క్రియకు అప్పజెప్పే బరువును ఇంగ్లిష్ అన్ని క్రియలకూ పంచుతుందని అతనికెవరూ చెప్పలేదు.

ఇక మీ 'హ్యావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్'. దాని వెనకాల మూడు రకాలుగా పెట్టి చూడండి: 'హి వెంట్ హోమ్', 'హి గోస్ హోమ్', 'హి విల్ గో హోమ్'. నిన్నయినా, రోజూ అయినా, రేపయినా 'హ్యావింగ్ ఫినిష్డ్' కదల్లేదు. అది మన 'పని ముగించి', ఫైనైట్ వెర్బ్ కాదు. అందుకే ఫ్రేజ్. అదే మాటను 'వెన్ హి హ్యాడ్ ఫినిష్డ్ హిజ్ వర్క్' అని రాస్తే 'హి' అన్న సబ్జెక్టు వచ్చింది, 'హ్యాడ్' అని కాలం చూపే మాట వచ్చింది, క్లాజ్ అయిపోయింది. 'గోయింగ్' లాంటి ఐఎన్‌జీ రూపాలూ, 'టు గో' లాంటివీ అంతే, కాలంతో మారవు. ఈజ్, వజ్, హ్యాజ్, డిడ్, కెన్, విల్, మస్ట్ లాంటి మాట ఏదైనా తోడుగా ఉంటే మాత్రం అక్కడ ఫైనైట్ వెర్బ్ ఉన్నట్టే. 'గోయింగ్' ఒక్కటే ఉంటే కాదు, 'ఈజ్ గోయింగ్' అయితే అవును.

ఒక మాట పక్కన చెప్పేస్తాను. కొత్త తరహా ఇంగ్లిష్ వ్యాకరణాల్లో 'హ్యావింగ్ ఫినిష్డ్' లాంటివాటిని నాన్‌ఫైనైట్ క్లాజ్ అని కూడా అంటారు. యూట్యూబ్‌లో ఎవరైనా అట్లా చెబితే కంగారు పడకండి, అదీ తప్పు కాదు. మన పరీక్షలకు చదివే గైడ్లు పాత పద్ధతివి, వాటిలో అది ఫ్రేజే. మీకు అడిగిన ప్రశ్నలోనూ ఫ్రేజ్ అనే ఇచ్చారు కదా. పరీక్ష అయ్యేదాకా ఈ పద్ధతినే పట్టుకోండి.

'ఆఫ్టర్ ద రెయిన్' అంటే 'వాన తర్వాత'. ఇందులో క్రియే లేదు, ఫ్రేజ్. 'ఆఫ్టర్ ఇట్ రెయిన్డ్' అంటే 'వాన పడ్డాక'. 'ఇట్' సబ్జెక్టు, 'రెయిన్డ్' ఫైనైట్ వెర్బ్, క్లాజ్. రెండూ 'ఆఫ్టర్'తోనే మొదలయ్యాయి. కాబట్టి మొదటి మాట చూసి తేల్చకూడదు. బిఫోర్, ఆఫ్టర్, సిన్స్, అంటిల్, ఈ నాలుగూ రెండువైపులా నడుస్తాయి. ప్రశ్నలు తయారుచేసేవాళ్లకు ఇవంటే మహా ఇష్టం.

ఇంకో చోట మంచి మంచివాళ్లు పడతారు. 'ద హౌస్ బిల్ట్ బై మై గ్రాండ్‌ఫాదర్' అని ఇచ్చి ఏమిటని అడుగుతారు. 'బిల్ట్' చూడగానే పాస్ట్ టెన్స్ అనిపిస్తుంది, సబ్జెక్టు కూడా ముందే కనిపిస్తోంది, క్లాజ్ అని టిక్ పెట్టేస్తాం. కానీ దాని తెలుగు 'మా తాత కట్టిన ఇల్లు'. ఇల్లు ఏమైందో ఇంకా చెప్పలేదు. ఇది ఫ్రేజ్. 'బిల్ట్', 'మేడ్', 'సోల్డ్' లాంటివాటితో ఇబ్బందేమిటంటే వాటి రెండో రూపం (పాస్ట్ టెన్స్), మూడో రూపం (పాస్ట్ పార్టిసిపుల్) ఒకటే. అందుకని వాటి స్థానంలో రెండు రూపాలూ వేరుగా ఉండే క్రియను పెట్టి చూడండి. 'ద లెటర్ రోట్ బై హర్' కుదరదు, 'ద లెటర్ రిటన్ బై హర్' కుదురుతుంది. కుదిరింది మూడో రూపం, దానికి తనంతట తాను కాలం మోసే శక్తి లేదు. 'వజ్ రిటన్' అయితేనే నిలబడుతుంది. ఈ ఉపాయం నాకు క్లాసులో ఒక పిల్లే చెప్పింది, నేను కనిపెట్టింది కాదు.

ఇప్పుడు 'వెన్ హి కేమ్'. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో పెద్ద ప్రశ్న ఇదే, దీనికి జవాబు కూడా మీ నాలుక మీదే ఉంది. మూడు వాక్యాలు ఇస్తాను, మనసులో తెలుగు చేసుకోండి.

'ఐ డోంట్ నో వెన్ హి కేమ్.' అతను ఎప్పుడు వచ్చాడో నాకు తెలియదు.

'ఐ వజ్ కుకింగ్ వెన్ హి కేమ్.' అతను వచ్చినప్పుడు వంట చేస్తున్నాను.

'ఐ రిమెంబర్ ద డే వెన్ హి కేమ్.' అతను వచ్చిన రోజు నాకు గుర్తుంది.

ఇంగ్లిష్‌లో మూడుచోట్లా అక్షరం మారలేదు. తెలుగులో మాత్రం 'వచ్చాడో', 'వచ్చినప్పుడు', 'వచ్చిన' అని మూడు వేషాలు వేసింది. మొదటిది నౌన్ క్లాజ్. 'ఏమి తెలియదు?' అని అడిగితే జవాబుగా వస్తుంది, ఒక నామవాచకం కూర్చునే పీట మీద కూర్చుంది. రెండోది అడ్వెర్బ్ క్లాజ్, వంట ఎప్పుడు జరుగుతోందో చెబుతోంది. మూడోది అడ్జెక్టివ్ క్లాజ్, 'రోజు' అన్న మాటను పట్టుకుని ఏ రోజో చెబుతోంది. తెలుగులో 'వచ్చిన' లాంటిదాన్ని ధాతుజ విశేషణం అంటాం. విశేషణమంటేనే అడ్జెక్టివ్ కదా.

మీకింత వివరంగా చెప్పడానికి కారణముంది. క్లాజ్ రకం కనిపెట్టాలంటే గైడ్లు కంజంక్షన్ల పట్టిక ఇస్తాయి: హూ, విచ్ వస్తే అడ్జెక్టివ్ క్లాజ్, వెన్, వేర్, ఇఫ్ వస్తే అడ్వెర్బ్, దట్, వాట్ వస్తే నౌన్ అని. ఆ పట్టిక మనల్ని పరీక్షలో ముంచుతుంది. 'ఇఫ్'నే చూడండి. 'ఐ విల్ కమ్ ఇఫ్ ఇట్ స్టాప్స్ రెయినింగ్' అంటే వాన ఆగితే వస్తాను. 'ఆగితే' చేదర్థకం, అంటే షరతు చెప్పే రూపం, అడ్వెర్బ్ క్లాజ్. 'ఆస్క్ హిమ్ ఇఫ్ ద బస్ హ్యాజ్ గాన్' అంటే బస్సు పోయిందేమో అడుగు. 'పోయిందేమో' నౌన్ క్లాజ్. పట్టిక రెండింటినీ ఒకే గంపలో వేస్తుంది, తెలుగు వేరు చేస్తుంది.

'దట్' సంగతీ అంతే. 'ద న్యూస్ దట్ హి బ్రాట్' అంటే అతను తెచ్చిన వార్త, అడ్జెక్టివ్ క్లాజ్. 'ద న్యూస్ దట్ హి పాస్డ్' అంటే అతను పాసయ్యాడన్న వార్త, నౌన్ క్లాజ్. రెండోదాంట్లో 'అన్న' వచ్చింది చూశారా? మన 'అని' దాంట్లో ఉంది. మీరు తెలుగు చేసినప్పుడు అని, అన్న, చివర్న ఓ, ఏమో వస్తే నౌన్ క్లాజ్ వైపు చూడండి. వచ్చిన, తెచ్చిన, కట్టే లాంటిది వచ్చి దాని వెనకే నామవాచకం ఉంటే అడ్జెక్టివ్. వచ్చినప్పుడు, వస్తే, వచ్చినా, వచ్చాక, వచ్చాడు కాబట్టి, ఇవన్నీ అడ్వెర్బ్. నూటికి నూరుసార్లు పనిచేస్తుందని ప్రమాణం చేయను. 'వాట్ హి సెడ్ ఈజ్ ట్రూ' అంటే 'అతను చెప్పింది నిజం'. 'చెప్పింది' ఇక్కడ క్రియ కాదు, 'చెప్పిన మాట' అని అర్థం, కాబట్టి నౌన్ క్లాజ్. ఇట్లాంటివి కొన్ని విడిగా గుర్తుపెట్టుకోవాలి. ముందు అది క్లాజేనని తేల్చుకున్నాకే ఈ పరీక్ష పెట్టండి. 'తాత కట్టిన' విషయంలో చూశాం కదా, ఇంగ్లిష్‌లో ఫ్రేజ్ అయినా తెలుగులో 'కట్టిన' అనే వస్తుంది.

సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ అనే మూడు రకాల వాక్యాల గురించి మీరు అడగలేదు గానీ, ఇది పట్టుబడితే అవి ఎలాగూ వస్తాయి. సింపుల్‌లో ఒకటే క్లాజ్, వాక్యం ఎంత పొడుగున్నా సరే. రెండు క్లాజ్‌లు సమానంగా అండ్, బట్, ఆర్, సో లాంటివాటితో కలిస్తే కాంపౌండ్. ఒకటి ఇంకోదాని మీద ఆధారపడితే కాంప్లెక్స్. 'హి ఈజ్ టూ వీక్ టు వాక్' సింపుల్. 'హి ఈజ్ సో వీక్ దట్ హి కెనాట్ వాక్' కాంప్లెక్స్. 'హి ఈజ్ వెరీ వీక్ అండ్ హి కెనాట్ వాక్' కాంపౌండ్. అర్థం ఒకటే. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చమని అడుగుతారు. ఒక జాగ్రత్త: తెలుగు పాఠంలో 'సీత వచ్చి వెళ్లింది' సంక్లిష్ట వాక్యం. దాన్ని చూసి 'హ్యావింగ్ కమ్, సీత లెఫ్ట్'ను కాంప్లెక్స్ అనకండి. అందులో ఫైనైట్ వెర్బ్ 'లెఫ్ట్' ఒక్కటే, అది సింపుల్ సెంటెన్సే. తెలుగు పేపర్‌కు తెలుగు లెక్క, ఇంగ్లిష్ పేపర్‌కు ఇంగ్లిష్ లెక్క.

రాయడం దగ్గరికొద్దాం. మన వైపు 'ఎంత చదివినా గానీ పాస్ కాలేదు' అంటాం. 'నా' ఒకటి, 'గానీ' ఒకటి, రెండు ముళ్లు వేస్తాం. అదే అలవాటుతో 'ఆల్దో హి స్టడీడ్ వెల్, బట్ హి ఫెయిల్డ్' అని రాస్తాం. ఇంగ్లిష్‌లో రెండు క్లాజ్‌ల మధ్య ముడి ఒకటే. ఆల్దో ఉంటే బట్ వద్దు, బికాజ్ ఉంటే సో వద్దు. అట్లాగని అసలు ముడి లేకుండా కామా పెట్టి వదిలేసినా తప్పే: 'ఇట్ రెయిన్డ్, వి వెంట్ హోమ్' అనకూడదు, మధ్యలో 'అండ్' గానీ 'సో' గానీ ఉండాలి.

ఇంకొకటి, దేవరకొండ బస్టాండ్‌లో నిలబడి ఎవరినైనా అడిగినట్టు ఊహించుకోండి. 'వేర్ ఈజ్ ద అచ్చంపేట్ బస్?' అది ప్రశ్న. దాన్ని నౌన్ క్లాజ్‌గా మార్చి వాక్యంలో పెడితే ప్రశ్న వాటం పోవాలి: 'ఐ డోంట్ నో వేర్ ద అచ్చంపేట్ బస్ ఈజ్.' 'ఈజ్' వెనక్కి వెళ్లింది. 'ఐ డోంట్ నో వేర్ ఈజ్ ద బస్' అని ఇంగ్లిష్ మీడియం పిల్లలూ రాస్తుంటారు, తప్పులు పట్టే ప్రశ్నల్లోనూ ఎక్కువగా కనిపిస్తుంది.

తెలుగులో సబ్జెక్టు ఎగరగొట్టినా నడుస్తుంది. 'నిన్ననే చెప్పాను' అంటే చెప్పింది నేనని చివరి 'ను' చెప్పేస్తుంది. ఇంగ్లిష్ 'టోల్డ్'కు అట్లాంటి తోక లేదు. ఎవరు చెప్పారో ముందే పెట్టాలి. చెప్పడానికి ఎవరూ లేకపోయినా ఖాళీగా వదలదు, 'ఇట్'ను తెచ్చి కూర్చోబెడుతుంది. ఎండగా ఉంది అనడానికి 'ఇట్ ఈజ్ హాట్'. ఆ 'ఇట్'కు అర్థం వెతక్కండి, సీటు ఖాళీగా ఉండకూడదని వేసిన తువ్వాలు అది. క్రియ విషయమూ అంతే. 'మా నాయన రైతు' అంటే తెలుగులో నిండు వాక్యం, క్రియ లేకపోయినా లోటు లేదు. ఇంగ్లిష్‌లో 'మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్' అని 'ఈజ్' పెట్టకపోతే అది వాక్యమే కాదు.

కోచింగ్ లేదని దిగులు పడకండి. టెట్‌లో 150 ప్రశ్నలకు 30 ఇంగ్లిష్‌వి, తప్పు జవాబుకు మార్కు కోయరు. వాటిలో వ్యాకరణం కొంతే. బాబు పడుకున్నాక ఇరవై నిమిషాలు చాలు. ఒక ఇంగ్లిష్ పేపర్ ముక్క తీసుకోండి, పాతదైనా ఫర్వాలేదు. అర్థం తెలియకపోయినా ముందు ఐదు వాక్యాల్లో ఫైనైట్ వెర్బ్‌లకు సున్నా చుట్టండి. ఎన్ని సున్నాలు వస్తే దాదాపు అన్ని క్లాజ్‌లు. తర్వాత ఒక్కో సున్నాకు సబ్జెక్టు ఏదో గీత గీసి కలపండి. 'అండ్'తో కలిసిన రెండు క్రియలకు ఒకే సబ్జెక్టు ఉంటే, మా నాయన వాక్యంలోలాగా, పాత గైడ్లలో కొన్ని దాన్ని ఒకే క్లాజ్‌గా లెక్కపెడతాయి. అక్కడ గొడవ పెట్టుకోకుండా ముందుకు పోండి. మొదటి వారం తప్పులొస్తాయి. ఫ్రేజ్, క్లాజ్ పేర్లు మాత్రం ఆ వారమంతా తలుచుకోవద్దు.

చివరగా మీరు పంపిన వాక్యం. 'బికాజ్ మై సన్ స్మాల్, ఐ యామ్ నాట్ గోయింగ్ టు కోచింగ్.' 'మా బాబు చిన్నోడు' అని తెలుగులో అనుకున్నారు, 'ఈజ్' జారిపోయింది. 'బికాజ్ మై సన్ ఈజ్ స్మాల్' అని పెట్టండి. 'స్మాల్' బదులు 'యంగ్' అంటే ఇంకా బాగుంటుంది. రెండు క్లాజ్‌లు, ముడి ఒకటే పెట్టారు, 'సో' తగిలించలేదు, సబ్జెక్టులు రెండూ ఉన్నాయి, కామా కూడా సరైనచోటే పడింది. కాంప్లెక్స్ సెంటెన్స్ అమ్మా అది.